ఇల్లు, ఉద్యోగం, హాఫ్ మారథాన్: తిరుపతిలో 16 వారాల్లో తయారవడం ఎలా?

ఈ నాలుగేళ్ళలో నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "అక్కా, ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంట్లో అత్తమ్మ. నీకు పరిగెత్తడానికి టైం ఎక్కడ దొరుకుతుంది?" బ్యాంకులో మా కౌంటర్ దగ్గర అడిగారు, స్కూల్ గేటు దగ్గర అడిగారు, ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో రోజూ నడిచే ఒక పెద్దాయన కోడలి కోసం అడిగాడు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఇప్పుడు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

మీరు పరిగెత్తే ప్రతి గంటా ఇంట్లో ఇంకెవరో మోసే గంట. మీరు రోడ్డు మీద ఉన్నప్పుడు పాలు కాచేది ఎవరు, పిల్లల్ని లేపేది ఎవరు? ఆ మనిషిని అడిగి ఆ గంట తీసుకోవాలి, మళ్ళీ తిరిగి ఇచ్చేయాలి. కింద చెప్పేవన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ఇది ఎవరికోసం: ఇప్పుడు ఆగకుండా అరగంట చురుగ్గా నడవగలిగి, మధ్యమధ్యలో నడుస్తూ 5 కిలోమీటర్లు పూర్తి చేయగలిగే వాళ్ళకి. లక్ష్యం 21.1 కిలోమీటర్లు, దెబ్బ తగలకుండా, ఇంట్లో గొడవ లేకుండా. 40 దాటినవాళ్ళు, బీపీ, షుగర్, గుండె సమస్య ఉన్నవాళ్ళు ముందు డాక్టర్‌ని కలిసి, పరిగెత్తవచ్చని చెప్పించుకున్నాకే మొదలుపెట్టండి.

కావాల్సినవి

- కాలికి సరిపోయే రన్నింగ్ షూ ఒక జత. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బొటనవేలి ముందు ఒక వేలు మందం ఖాళీ ఉండాలి.
- మామూలు డిజిటల్ వాచ్. ఖరీదైన జీపీఎస్ వాచ్ లేకపోయినా పని జరుగుతుంది. ఫోన్‌లో ఉచిత యాప్ చాలు.
- వెలుగు పడితే మెరిసే పట్టీ, చిన్న టార్చ్ లేదా తలకి కట్టుకునే లైట్.
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు, అర లీటరు సీసా.
- వంటింట్లో వేలాడే గోడ క్యాలెండర్, రెండు రంగుల పెన్నులు. ఈ జాబితాలో నేను అన్నిటికంటే ఎక్కువ వాడింది ఇదే.
- వారానికి 4 గంటలు. చివరి వారాల్లో 4న్నర.

1. 16 వారాలు మొదలయ్యే ముందు ఒక వారం పరిగెత్తకండి, రాసుకోండి

ఏడు రోజులు మీ రోజు ఎలా గడుస్తోందో అరగంట చొప్పున రాయండి. ఆఫీసు, ప్రయాణం, వంట, హోంవర్క్, ఫోన్, నిద్ర అన్నీ. నేను రాసినప్పుడు రాత్రి 9:30 నుంచి 10:45 వరకు పెద్దగా ఏమీ లేదు. ఫోన్ చూస్తూ కూర్చున్నాను. ఆ గంటంబావు నిద్రకి మళ్ళించాకే పొద్దున 4:45కి లేవడం వీలైంది. పొద్దున టైం పొద్దున పుట్టదు, ముందురోజు రాత్రి నుంచి రావాలి.

హెచ్చరిక: నిద్ర కోసి శిక్షణ చేయకండి. 7 గంటలు పడని రాత్రి మర్నాడు పరుగు ఉంటే దాన్ని నడకగా మార్చండి. మూడు వారాలు 5 గంటల నిద్రతో పరిగెత్తితే ముందు ఇంట్లో చిరాకు, తర్వాత జలుబు, ఆ తర్వాత మోకాలు. నేను చూసినవాళ్ళలో దాదాపు అందరికీ ఇదే వరుస.

2. ఇంట్లో కూర్చుని మాట్లాడండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. నేనూ దాటేశాను. మొదటి ఏడాది ఎవరికీ చెప్పకుండా ఆదివారం పొద్దున బయల్దేరేదాన్ని. అందరూ నిద్రలో ఉంటారు కదా, ఎవరికీ ఇబ్బంది లేదు అనుకున్నాను. ఒక ఆదివారం చంద్రగిరి రోడ్డు మీద ఫోన్ సైలెంట్‌లో పెట్టి పరిగెత్తుతుంటే ఇంట్లో మా చిన్నోడికి 102 జ్వరం. మా ఆయన 7 గంటలకి షిఫ్టు ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులతో ఉన్న మా అత్తమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డ వేస్తోంది. నేను గేటు తీసేటప్పటికి ఫోన్‌లో 9 మిస్డ్ కాల్స్, మా ఆయన యూనిఫాం వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అనలేదు. బండి తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నెల రోజులు నేను పరిగెత్తలేదు.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ముందు చేసిన పని ఇది. మీరూ చేయండి:

- క్యాలెండర్ ముందు పెట్టుకుని ఇంట్లో పెద్దవాళ్ళందరితో అరగంట కూర్చోండి. భోజనాలయ్యాక, టీవీ ఆపి.
- ముందు వాళ్ళ తేదీలు ఒక రంగు పెన్నుతో రాయండి. పిల్లల పరీక్షలు, పెళ్ళిళ్ళు, తద్దినాలు, మీ భాగస్వామి నైట్ షిఫ్టులు, మీ ఆఫీసులో పని పెరిగే రోజులు. మాకు మార్చి నెలాఖరు అంటే ఊపిరాడదు. మీకు ఏ నెలో చూసుకోండి.
- మిగిలిన ఖాళీల్లో మాత్రమే రెండో రంగుతో మీ పరుగు రాయండి.
- "నేను లేని ఈ గంటలో నీ మీద ఏం పడుతుంది?" అని అడిగి, వచ్చిన జవాబు రాసుకోండి. మా అత్తమ్మ చెప్పింది ఒక్కటే: "పొద్దున స్టవ్ దగ్గర వంగి నిలబడలేను." అంతే, ఇడ్లీ పిండి, చట్నీ, పిల్లల క్యారియర్‌లోకి కూర ముందురోజు రాత్రే సిద్ధం చేయడం నా పని అయింది.
- బదులు ఏమిస్తారో తేదీతో సహా చెప్పండి. మా ఇంట్లో శనివారం సాయంత్రం మా ఆయనది. షటిల్ ఆడతాడో స్నేహితులతో తిరుగుతాడో ఆయన ఇష్టం, నేను అడగను.

ఒంటరిగా పిల్లల్ని పెంచేవాళ్ళకి, చంటిబిడ్డ ఉన్నవాళ్ళకి ఇలా కుదరదు. వాళ్ళకి ఇంటి దగ్గరే చేయగలిగే దారి చివర్లో చెప్పాను.

3. తేదీని వెనక నుంచి లెక్కపెట్టండి

తిరుపతిలో ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. దూరం పెంచాల్సిన వారాలు ఆ నెలల్లో పడకూడదు. డిసెంబరు, జనవరి నెలల్లో పరుగు పెట్టుకుని ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మొదట్లో మొదలుపెట్టడం మనకి బాగా కుదురుతుంది.

దీనిలో రెండు చిక్కులు. ఒకటి బ్రహ్మోత్సవాలు. గరుడ సేవ ముందురోజు, ఆ రోజు అలిపిరి వైపు రోడ్ల మీద పరుగు మాట మరిచిపోండి, ఆ వారం ఇంటి దగ్గరే ప్లాన్ చేసుకోండి. రెండు వానలు. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య పడతాయి. 2021 నవంబరు వరదలు ఎవరూ మరిచిపోలేదు. తిరుమలకి నడిచి ఎక్కే శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, మళ్ళీ 2022 మేలో గానీ తెరవలేదు. అందుకే 16 వారాల్లో రెండు వారాలు వానకి పోతాయని ముందే అనుకోండి. పోకపోతే లాభం.

4. వారం ఇలా అమర్చుకోండి

మంగళవారం: 40 నిమిషాలు, తేలిగ్గా.
గురువారం: 40 నిమిషాలు. మొదటి 8 వారాలు తేలిగ్గా, తర్వాత మధ్యలో 3 నిమిషాలు కాస్త వేగంగా, 2 నిమిషాలు నడక, ఇలా 4 సార్లు.
బుధ, శని: ఇంట్లోనే 20 నిమిషాలు బలం కోసం. గుంజీలు, గోడకి ఆనుకుని కూర్చోవడం, మెట్టు అంచు మీద మడమలు లేపి దించడం, ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ళ మీద ఒంటిని పలకలా నిలపడం). పిల్లలు కూడా చేస్తారు, చేయనివ్వండి.
ఆదివారం: దూరం పరుగు.
సోమ, శుక్ర: విశ్రాంతి. నిజంగా విశ్రాంతి.

ఆదివారం దూరాలు, కిలోమీటర్లలో:

1 నుంచి 4 వారాలు: 6, 7, 8, 6
5 నుంచి 8 వారాలు: 9, 10, 11, 8
9 నుంచి 12 వారాలు: 12, 13, 15, 10
13 నుంచి 16 వారాలు: 16, 18, 12, ఆ తర్వాత అసలు పరుగు

ప్రతి నాలుగో వారం దూరం తగ్గుతుంది చూడండి. ఒళ్ళు కోలుకునేది ఆ వారంలోనే. "బాగానే ఉన్నాను కదా" అని తగ్గించకుండా పోయినవాళ్ళకి సాధారణంగా 10, 11 వారాల్లో పిక్కలో గానీ మడమలో గానీ నొప్పి మొదలవుతుంది.

శిక్షణలో 21 ఎందుకు పరిగెత్తడం లేదని అడుగుతారు. అవసరం లేదు. కిలోమీటరుకి 7న్నర నిమిషాల చొప్పున 18 కిలోమీటర్లంటే 2 గంటల 15 నిమిషాలు. అది చేసిన కాళ్ళు విశ్రాంతి తర్వాత మిగతా 3 కూడా లాగుతాయి. 4:45కి లేచి 5 గంటలకి బయల్దేరితే 7:15కి ఇంట్లో ఉంటారు, పిల్లలు లేచే టైంకి. ఆ మూడు కిలోమీటర్ల కోసం ఇంట్లో ఇంకో అరగంట అప్పు చేయడం నాకు ఇష్టం లేదు.

5. ముందురోజు రాత్రి 9 గంటలకి అన్నీ సర్దేయండి

పొద్దున 4:45కి మనిషికి ఆలోచించే ఓపిక ఉండదు. చీకట్లో సాక్సుల కోసం బీరువా తీస్తే చప్పుడుకి పిల్లలు లేస్తారు, దాంతో ఆ రోజు పరుగు పోతుంది. మా ఇంట్లో జరిగేది ఇది:

హాల్లో తలుపు పక్కన ఒక ప్లాస్టిక్ బుట్ట. అందులో బట్టలు, సాక్సులు, షూ, వాచ్, లైట్, గేటు తాళం. తాళంచెవి గలగలలాడకుండా రుమాల్లో చుట్టి పెడతాను. ఇడ్లీ పిండి పులియడానికి బయట, చట్నీ ఫ్రిజ్‌లో. పిల్లల యూనిఫాం ఇస్త్రీ చేసి కుర్చీ మీద. రెండు చెంచాల రాగి పిండి నీళ్ళలో కలిపి గిన్నెలో మూతపెట్టి స్టవ్ పక్కన. పొద్దున లేవగానే దాన్ని 5 నిమిషాలు కాచి చిటికెడు ఉప్పు, కాస్త మజ్జిగ కలిపి అర గ్లాసు తాగి బయల్దేరతాను, మిగిలింది వచ్చాక తాగుతాను. అలారం ఫోన్‌లో వద్దు, చేతి వాచ్‌లో వైబ్రేషన్ పెట్టుకోండి. పక్కవాళ్ళ నిద్ర మీ లెక్కలో ఉండాలి.

గోడ క్యాలెండర్ పక్కన ఒక చీటీ: ఏ దారి, ఎన్ని గంటలకి వస్తాను. ఫోన్ రింగ్‌లోనే ఉంటుంది. లైవ్ లొకేషన్ ఇంట్లో ఒకరికి పంపి ఉంటుంది.

6. దారి ఎంచుకోండి

మామూలు రోజులకి గ్రౌండే మంచిది. మట్టి మీద మోకాలికి దెబ్బ తక్కువ, కుక్కలు తక్కువ, నీళ్ళు దగ్గర. దూరం పరుగుకి రెండు మూడు కిలోమీటర్ల చుట్టు ఒకటి ఇంటి దగ్గరే పెట్టుకోండి. విసుగు వస్తుంది, నిజమే. కానీ ఇంట్లో అవసరం పడితే 10 నిమిషాల్లో చేరుకుంటారు. చంద్రగిరి రోజు నాకు నేర్పింది అదే. తెల్లారాక బయల్దేరే వీలున్న రోజుల్లో శ్రీనివాస మంగాపురం వైపు రోడ్డు చాలా హాయిగా ఉంటుంది. తిరుపతి నుంచి సుమారు 12 కిలోమీటర్లు, పోయి బస్సులోనో బండి మీదో రావచ్చు.

జాగ్రత్తలు:

- జూపార్కు రోడ్డు, అలిపిరి నుంచి చెర్లోపల్లి వైపు రోడ్డు బాగుంటాయి, కానీ అడవి అంచు. పూర్తిగా వెలుతురు వచ్చాకే, ఇద్దరు ముగ్గురు కలిసి. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఒక చిన్నపాప ప్రాణం పోయింది. చీకట్లో అక్కడ ఒంటరి పరుగు ఎవరికీ వద్దు.
- శేషాచలం అడవిలోకి సొంతంగా దారులు వెతుక్కుంటూ వెళ్ళకండి. రక్షిత అడవి అది, పైగా ఎర్రచందనం కోసం నిఘా ఉంటుంది. అనుమతి లేకుండా దొరికితే కేసు. ట్రెక్కింగ్ మోజు ఉంటే 9వ మెట్టు చదవండి.
- కుక్కలు వెంటపడితే పరుగు ఆపి, వాటి వైపు తిరిగి, మెల్లగా వెనక్కి నడవండి. పరిగెత్తితేనే తరుముతాయి.
- వాహనాలకి ఎదురుగా, అంటే రోడ్డుకి కుడివైపు పరిగెత్తండి. చెవుల్లో పాటలు వద్దు.
- ఆడవాళ్ళు మొదటి నెలలోనే ఒక జోడీని వెతుక్కోండి. వేగం కలవకపోయినా పర్లేదు, గ్రౌండ్‌లో ఒకే టైంకి ఉంటే చాలు. నాకు ధైర్యం వచ్చింది పక్క వీధి టీచరమ్మ తోడు దొరికాకే.

7. వేగం ఎంత ఉండాలో నోటితో చూసుకోండి

తేలిక పరుగంటే పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. ఒంటరిగా ఉంటే నేను ఇలా చూసుకుంటాను: "ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవింద" అని ఒక్క ఊపిరిలో, తడబడకుండా వస్తే వేగం సరిపోయింది. "వెంకటరమణా" దగ్గర ఊపిరి తెగితే ఎక్కువైంది, తగ్గించండి. తగ్గించడం అంటే నడక అయినా సరే. మొదటి నెల 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక అనే లెక్క చాలామందికి నప్పుతుంది.

వారంలో ఒక్క గురువారం మధ్య భాగం తప్ప అన్నీ ఈ వేగంలోనే. ఆఫీసు టెన్షన్ తీర్చుకోవడానికి రోజూ గట్టిగా పరిగెత్తేవాళ్ళు ఉన్నారు. ఆ రోజు బాగుంటుంది, మూడో నెలలో మూలపడతారు.

8. మెట్లు: ఎక్కడానికి వాడండి, దిగడానికి వద్దు

మన ఊళ్ళో ఉన్న అదృష్టం ఇది. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు, సుమారు 2.1 కిలోమీటర్లు. అలిపిరి దారి సుమారు 3,550 మెట్లు, 9 కిలోమీటర్లు. అలిపిరిలో గాలిగోపురం దాకా ఏకబిగిన ఎక్కుడు, తర్వాత చాలా దూరం కాస్త చదును, చివర మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ నిటారు. మూడు వారాలకి ఒకసారి ఆదివారం పరుగు బదులు శ్రీవారి మెట్టు ఎక్కండి. తొడలు, పిక్కలు బలపడతాయి, ఇంటివాళ్ళు కూడా వస్తారు, దర్శనం కుదిరితే అదీ అవుతుంది. తెరిచే వేళలు, టోకెన్లు, పిల్లలకి ఉండే నిబంధనలు మారుతుంటాయి, ముందురోజు కనుక్కుని వెళ్ళండి.

అది కొండ, జిమ్ కాదు. మోకాళ్ళతో మెట్లెక్కే మొక్కులవాళ్ళుంటారు, ప్రతి మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టే తల్లులుంటారు. వాచ్ చూసుకుంటూ వాళ్ళ మధ్య నుంచి దూసుకుపోకండి. పక్కగా, నిదానంగా, ఆగకుండా ఎక్కితే చాలు, ఒళ్ళు దానికే తయారవుతుంది. చెప్పులు లేకుండా ఎక్కేవాళ్ళు ఎండ పడకముందే పూర్తి చేయాలి, రాయి మాడ్చేస్తుంది.

దిగేటప్పుడు బస్సు ఎక్కండి. రెండో ఏడాది 11వ వారంలో శ్రీవారి మెట్టు దాదాపు పరుగులాగా దిగాను. ఆ రోజు ఏమీ తెలియలేదు. మర్నాడు బ్యాంకులో కుర్చీలోంచి లేవబోతే మోకాలి చిప్ప చుట్టూ సూదులు గుచ్చినట్టయింది. మూడు వారాలు పరుగు ఆగింది. ఎక్కేటప్పుడు ఊపిరి కష్టపడుతుంది, దిగేటప్పుడు మోకాలు కష్టపడుతుంది. మీకు ఊపిరి కష్టమే కావాలి.

9. పిల్లల్ని తీసుకెళ్ళే సాహసాలు వేరే పెట్టుకోండి

నెలకి ఒక ఆదివారం మీ పరుగు చిన్నది చేసి, మిగతా రోజు ఇంటికి ఇవ్వండి. దగ్గర్లో చంద్రగిరి కోట ఉంది. రాజమహల్ చూపించి, కోటలో తిప్పితే పిల్లలకి ఒక పూట గడిచిపోతుంది. ఇంకాస్త దూరం వెళ్ళగలిగితే తలకోన. సుమారు 60 కిలోమీటర్ల ప్రయాణం, జలపాతం ఎత్తు 82 మీటర్లు, వానలు పడ్డాక జనవరి దాకా నీళ్ళు బాగుంటాయి. అటవీశాఖ అనుమతించిన దారిలోనే నడవండి, నాచుపట్టిన బండల మీదకి పిల్లల్ని పంపకండి.

కొండల్లో నడవాలన్న కోరిక తీర్చుకోవడానికి మనకి పెద్దలు పెట్టిన రోజులే ఉన్నాయి. తిరుమల అడవిలోని తీర్థాలకి జరిగే ముక్కోటి పండగలవి: పుష్యమాసంలో రామకృష్ణ తీర్థం, మాఘంలో కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. ఆ రోజుల్లో వేలమందితో కలిసి, ఏర్పాట్ల మధ్య అడవి దారిలో నడవవచ్చు. తుంబురు దారి కఠినం, చిన్నపిల్లలతో, గుండె జబ్బులున్నవాళ్ళతో వద్దు. ఆ వారం దాన్నే మీ దూరం పరుగుగా లెక్కవేసుకోండి.

10. నీళ్ళు, తిండి

ఒకసారి పరుగుకి ముందు, తర్వాత బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. 60 కిలోల మనిషి 1.2 కిలోల కంటే ఎక్కువ తగ్గితే నీళ్ళు చాలలేదు. అలాగని ఉప్పు లేకుండా వట్టి నీళ్ళు లీటర్లకొద్దీ తాగడమూ ప్రమాదమే. గంట దాటిన పరుగులో ఓఆర్ఎస్ గుక్క గుక్కగా తాగండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచా, తలకొట్టి కొలవండి.

తిండికి కొత్తవి కొనక్కర్లేదు. శనివారం రాత్రి సంగటి గానీ అన్నం గానీ, పప్పుతో. కారం, నూనె తగ్గించండి. 75 నిమిషాలు దాటిన పరుగులో సగం అరటిపండు లేదా రెండు ఖర్జూరాలు. వచ్చిన అరగంటలో ఇడ్లీ, గుడ్డు, లేదా చెనక్కాయల ఉండ, పాలు. అసలు రోజున కొత్త తిండి, కొత్త షూ రెండూ వద్దు.

నొప్పి రాకుండా ముందే పెయిన్ కిల్లర్ మింగి పరిగెత్తే అలవాటు కొందరికి ఉంది. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు అవి కిడ్నీలని దెబ్బతీస్తాయి. మాత్ర వేసుకుంటే గానీ పరిగెత్తలేని రోజు పరిగెత్తకూడని రోజు.

ఛాతీలో బిగుతు, కళ్ళు తిరగడం, ఎండలో చలిగా అనిపించి రోమాలు నిక్కబొడుచుకోవడం, మాట తడబడటం, వీటిలో ఏది వచ్చినా ఆగండి, నీడకి వెళ్ళండి, ఎవరినైనా పిలవండి.

11. వారం చెదిరిపోతే ఏది వదలాలి?

చెదురుతుంది. ఇన్‌స్పెక్షన్ వస్తుంది, చుట్టాలు వస్తారు, పిల్లాడికి పన్ను నొప్పి వస్తుంది. ఈ వరుసలో వదిలేయండి: ముందు గురువారం వేగం, తర్వాత శనివారం వ్యాయామం, తర్వాత మంగళవారం. ఆదివారం దూరం చివరి దాకా ఉంచుకోండి. అదీ పోతే పోయిందే. వచ్చే వారం రెండూ కలిపి చేయకండి. ఒక వారం పోతే ప్లాన్‌లో ఉన్నచోటే ముందుకి సాగండి. రెండు వారాలు పోతే రెండు వారాలు వెనక్కి వెళ్ళండి. మూడు దాటితే ఆ తేదీ వదిలి ఇంకో పరుగు చూసుకోండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఫీజు కట్టేసి, టీ షర్ట్ వచ్చాక ఇంట్లో చెప్పడం. దీని తర్వాత ఎంత బతిమాలినా అది అనుమతి అడిగినట్టు ఉండదు.

పరిగెత్తి వచ్చి "అలిసిపోయాను" అని సోఫాలో పడుకోవడం. ఇంట్లో వాళ్ళకి మంట పుట్టేది ఇక్కడే. మీరు లేని రెండు గంటలు వాళ్ళు మోశారు, వచ్చాక ఇంకో రెండు గంటలు కూడా మోయాలా? స్నానం, టిఫిన్, ఆ వెంటనే మీ వంతు పని. అది చేయలేనంతగా అలిసిపోతున్నారంటే వేగం తగ్గించాలి.

పక్కవాళ్ళ కిలోమీటర్లు చూసి మనవి పెంచడం. వాళ్ళింట్లో ఎవరు వండుతున్నారో మనకి తెలియదు.

ఒక పరుగు అవ్వగానే ఫుల్ మారథాన్‌కి పేరు ఇచ్చేయడం. 42 కిలోమీటర్ల తయారీకి వారానికి 7, 8 గంటలు పడుతుంది. ఆ గంటలు క్యాలెండర్ మీద కనిపించాకే అడుగు వేయండి.

సరిగ్గా సాగుతోందా? ఇలా చూసుకోండి

- పొద్దున మంచం దిగకముందే ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. మొదటి వారం సగటు రాసుకోండి. దానికంటే 7, 8 ఎక్కువ వరుసగా రెండు రోజులుంటే ఆ పరుగు మానేయండి.
- నాలుగు వారాలకి ఒకసారి అదే గ్రౌండ్, అదే 5 కిలోమీటర్లు, అదే గోవింద నామం వేగం. టైం తగ్గుతూ వస్తే శిక్షణ పనిచేస్తోంది. ఎండాకాలం పోలికకి పనికిరాదు, వదిలేయండి.
- నొప్పి రెండు కాళ్ళకీ సమానంగా, కండలో ఉంటే అలసట. ఒకే చోట, వేలుతో చూపించగలిగేలా ఉంటే దెబ్బ. మూడు రోజులు ఆగండి, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి.
- ఆదివారం రాత్రి ఇంట్లో రెండు ప్రశ్నలు: "ఈ వారం నా పరుగు వల్ల నీకు ఏది కష్టమైంది?", "వచ్చే వారం ఏది మార్చాలి?" జవాబు "ఏమీ లేదులే" అని పొడిగా వచ్చిందంటే ఏదో ఉంది, ఆ వారం ఒక పరుగు తగ్గించి చూడండి.

ఈ ప్లాన్ కుదరని వాళ్ళకి

షిఫ్టు ఉద్యోగం: రోజులు పట్టించుకోకండి, వరుస పట్టించుకోండి. తేలిక, విశ్రాంతి, తేలిక, విశ్రాంతి, దూరం. నైట్ షిఫ్టు దిగిన పొద్దున మాత్రం పరుగు వద్దు, ముందు నిద్ర.

చంటిబిడ్డ, లేదా ఇంట్లో తోడు లేనివాళ్ళు: అపార్ట్‌మెంట్ మెట్లు 20 నిమిషాలు, మేడ మీద స్కిప్పింగ్, బిడ్డ నిద్రపోయే వేళ బలం వ్యాయామాలు. పరుగు వారానికి ఒక్కసారి, అక్కో చెల్లో వచ్చినప్పుడు. 16 వారాల పని 30 వారాలు పడుతుంది, పడనివ్వండి. కాన్పు అయినవాళ్ళు డాక్టర్ సరేనన్నాకే.

సైకిల్ ఇష్టపడేవాళ్ళు: మోకాలికి తేలిక, కానీ టైం చాలా తింటుంది. 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) పూర్తి చేయడానికి ఇచ్చే గడువే 13న్నర గంటలు, తయారీకి ఆదివారాలు సగం రోజు పోతాయి. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ముందు పరుగు ఎంచుకోమనే నేను చెప్తాను. సైకిల్ మీద మనసుంటే శ్రీకాళహస్తి వెళ్ళండి, ఒకవైపు 36 కిలోమీటర్ల చిల్లర. ఇంటివాళ్ళు బస్సులో వచ్చి గుడి దగ్గర కలుస్తారు. దర్శనం అయ్యాక అందరూ కలిసి టిఫిన్ చేసి, వాళ్ళు బస్సెక్కాక మీరు సైకిల్ ఎక్కండి. ఎండ ముదరకముందే తిరుపతి చేరేలా, పొద్దున 5 గంటలకే బయల్దేరండి.